కట్టె గడియారం మీద ఉండాల్సిన పేరు

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ వాస్తవ్యుడిని, కీర్తిశేషులు వడ్ల మానయ్య పెద్దకొడుకును, వడ్ల సంగప్ప అనే నేను, వయస్సు అరవై తొమ్మిది, వృత్తి వడ్రంగం, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. 2025 ఆగస్టు 6వ తేదీ, బుధవారం పొద్దున మొదలుపెట్టాను. నా మీద ఎవరి బలవంతమూ లేదు, ఎవరి ప్రేరేపణా లేదు, పొద్దున తాగిన రెండు చాయ్‌లు తప్ప ఒంట్లో వేరే మత్తు లేదు. బుద్ధి నిలకడగా ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు నా ఎదురుగా గోడకున్న కట్టె గడియారాన్ని చూసుకోవచ్చు. మూడు రోజులుగా ముసురు పట్టినా అది ఆగలేదు. వారం మొత్తానికి నాలుగు నిమిషాలు వెనక పడింది, అంతే! బుద్ధి చెడినవాడు ఇట్లాంటిది గీయలేడు.

గీయలేడు అన్నాను, చేయలేడు అనలేదు. ఆ తేడా చెప్పడానికే ఈ కాగితాలు ఇంత పొడవు అవుతున్నాయి. చదివేవాళ్ళు ఓపిక పట్టండి.

వచ్చే మంగళవారం హైదరాబాదులో నా గుండెకు పెద్ద ఆపరేషన్. భయపడేదేమీ లేదని డాక్టర్ అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు భయం కన్నా ఆత్రం ఎక్కువగా ఉంది. గడియారం రెండో వానాకాలం కూడా గట్టెక్కేట్టు ఉంది, నేను మాత్రం దాని ముందు కూర్చోకుండా దవాఖానలో పడుకోవాలి. అందుకని నా తర్వాత ఎవరికి ఏది అన్నది ఇవాళే తేల్చేస్తున్నాను.

1. నారాయణఖేడ్‌లో నా పేరున ఉన్న రెండు గదుల ఇల్లు, దాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు నా భార్య కిష్టవ్వకు ఆమె జీవించి ఉన్నంత కాలం సర్వహక్కులతో చెందుతాయి. ఆమె తదనంతరం ఇల్లు మా కొడుకు సుభాష్‌కు, షెడ్డు మా బిడ్డ దుర్గాభవానికి. రెంటిలో ఏది ఎక్కువ ఏది తక్కువ అని కొలిచే పని ఎవరూ పెట్టుకోవద్దు.

మా మంచం కూడా కిష్టవ్వదే. ఊరందరికీ మంచాలు చేసిన నేను మా మంచానికి విరిగిన కోడు కింద ఇరవై ఆరేళ్ళు ఇటుక పెట్టి నడిపించాను. "ఊరోళ్ళ మంచాలు జేస్తడు, మా మంచం మీద పక్క మర్లాలంటె భయం" అని ఆమె ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. పోయిన శుక్రవారం కొత్త కోడు వేసి ఇటుక తీసేశాను. ఆమె ఇటుకను కడిగి తులసిగద్దె పక్కన పెట్టుకుంది.

గడియారానికి బరువుగా వేలాడుతున్న ఇత్తడి చెంబు సైతం ఆమెదే. అడగకుండా తీసుకుని ఇసుక నింపాను. ఆమె ఎప్పుడు తిరిగి అడిగినా ఇచ్చేసి, గడియారానికి అంతే బరువున్న రాయి కట్టుకోవాలి.

2. మనూర్ దగ్గర ఉన్న ముప్పై గుంటల చెలక సుభాష్‌కు, దుర్గాభవానికి చెరిసగం. అందులో కంది తప్ప ఏమీ పండదు. ఏదో పండిస్తామని బోర్లు వేయొద్దు. నేను వేసి చూశాను, రెండుసార్లు.

3. షెడ్డులో అటక మీద గోనెపట్టా చుట్టి పెట్టిన టేకు పలక సుభాష్‌కు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎండుతోంది. వాడు హైదరాబాదులో వంటింటి అల్మారాలు బిగిస్తాడు, అంతా ప్లైవుడ్డే. వాడి పని నాకు నచ్చదని వాడికి తెలుసు, నచ్చకపోయినా మా వాడు బిగించిన తలుపు చప్పుడు చేయదని నేను పదిమందికి చెబుతానని మాత్రం తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఒకే షరతు: ఆ పలక మీద సన్‌మైకా అతికించకూడదు. అతికిస్తే పలక దుర్గాభవానిది అవుతుంది.

4. ఇక గడియారం. దీని లెక్కలు రాసుకున్న నోటుపుస్తకాన్ని రిటైరైన లెక్కల సారు, నా స్నేహితుడు థామస్‌కు ఇస్తున్నాను. ఎందుకో చెబుతాను, ఇది రాయాలంటేనే నాకు చెయ్యి ఆగడం లేదు!

కరోనా లాక్‌డౌన్ పెట్టిన రోజుల్లో మా గోడ గడియారంలో సెల్లు అయిపోయింది. దుకాణాలన్నీ బంద్. చిటికెన వేలంత సెల్లు లేకపోతే ఇంట్లో టైమే లేకుండా పోయిందని నాకు కోపం వచ్చింది. పని కూడా లేదు, చేతులు ఊరికే ఉన్నాయి. కట్టెతో చేస్తే ఏమవుతుంది అనుకున్నాను. ఎట్లా తిప్పాలో తెలుసు, బరువు కట్టి వేలాడదీస్తే చక్రం తిరుగుతుంది. కానీ గంటకు సరిగ్గా ఒకసారే తిరగాలంటే ఎట్లా? మూతికి గుడ్డ కట్టుకుని థామస్ ఇంటికి పోయి గుమ్మం బయట నిలబడి అడిగాను. ఆయన గడప మీద జొన్న గింజలు పోసి కుప్పలు పెట్టాడు. "సంగప్పా, చక్రం పండ్లు లెక్కవెట్టుకో. టైమ్ దానంతటదే వస్తది" అన్నాడు.

నాకు ఆ రోజు కలిగిన సంబరం పెళ్ళినాడు కూడా కలగలేదు, కిష్టవ్వ క్షమించాలి. చూడండి: గంటకు ఒకసారి తిరిగే పెద్ద చక్రానికి అరవై నాలుగు పళ్ళు. అది ఎనిమిది పళ్ళ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అంటే చిన్నది గంటకు ఎనిమిదిసార్లు తిరుగుతుంది. ఆ చిన్నదాని ఇరుసు మీదనే అరవై పళ్ళ చక్రం ఒకటి. అది ఇంకో ఎనిమిది పళ్ళదాన్ని తిప్పుతుంది, ఒక్క చుట్టుకు ఏడున్నరసార్లు. ఎనిమిదిని ఏడున్నరతో హెచ్చవేయండి. అరవై! గంటకు అరవైసార్లు, నిమిషానికి ఒక్కసారి! ఆ ఆఖరి ఇరుసు మీద ముప్పై పళ్ళ చక్రం పెట్టి, దాని మీద ఒక కట్టె కొంకి పెట్టాను. కింద లోలకం ఇటొకసారి అటొకసారి ఊగితే కొంకి ఒక పన్నును వదిలి ఇంకో పన్నును పట్టుకుంటుంది. ముప్పై పళ్ళు, అరవై ఊపులు, ఒక నిమిషం. లెక్క మొత్తం కాగితం మీద కుదిరినప్పుడు చొక్కా వేసుకోవడం కూడా మరచిపోయి బనీను మీదే థామస్ ఇంటికి ఉరికాను.

నోటుపుస్తకంలో పద్నాలుగో పేజీ మీద చాయ్ మరక ఉంది. అది థామస్ చేసిందే.

5. నేను చేసిన తప్పు ఈ అంశంలో రాస్తున్నాను. ముందు చేతి తప్పు, మనసు తప్పు తర్వాత.

చక్రాలన్నీ మంచి టేకు పలకలోంచి గుండ్రంగా కోశాను. పళ్ళెం లాగా, నున్నగా. ఎండాకాలం అంతా గడియారం ఆడింది. పొద్దున ఆరున్నరకు వచ్చే బీదర్ బస్సు హారను విని ముల్లు సరిచేసుకునేవాణ్ణి. "బస్సే టైముకు రాదు, దాన్ని జూసి గడియారం దిద్దుతవా" అని కిష్టవ్వ నవ్వేది. మొదటి వాన పడింది, మూడో రోజుకు గడియారం ఆగిపోయింది. కట్టె తడి గాలికి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా ఉబ్బదు. గుండ్రంగా కోసిన చక్రం ఒకవైపు బియ్యపు గింజ మందం పెరిగి కోడిగుడ్డు వాటంగా అయింది, పళ్ళు ఒకదాన్నొకటి కరచుకుపోయాయి. వానకు తలుపులు బిగుస్తాయని నలభై ఏళ్ళు జనానికి చెప్పిన వడ్లవాణ్ణి నేను! నూనె పట్టించాను, మైనం రుద్దాను, వార్నీషు నాలుగు పూతలు వేశాను. మరుసటి వానాకాలం మళ్ళీ ఆగింది. ఆ మరుసటి వానాకాలమూ ఆగింది.

మా నాయన మానయ్య బతుకంతా ఎడ్లబండి చక్రాలు చేశాడు. ఏ బండి చక్రాన్నీ ఎవరూ పలకలోంచి గుండ్రంగా కోయరు. చుట్టూ ఆరు వంపు ముక్కలు పెట్టి, మేకు బదులు కట్టె చీలలతో ఒకదానికొకటి కలుపుతారు. అప్పుడు కట్టె పోగు చక్రం చుట్టూ తిరుగుతుంది, వానలో నానినా చక్రం గుండ్రంగానే ఉంటుంది. పదేళ్ళ వయసులో నేను ఆ ముక్కలు నాయనకు అందించేవాణ్ణి. మూడు వానాకాలాలు గడియారం ముందు తల పట్టుకుని కూర్చున్నా ఆ సంగతి నాకు తట్టలేదు. ఎందుకంటే బండి పని మోటు పని అనీ, నేను చేస్తున్నది నాజూకు పని అనీ అనుకున్నాను.

6. నా తమ్ముడు వడ్ల మల్లేశం ఈ కాగితాల్లోకి ఇక్కడ వస్తున్నాడు. అరవై రెండేళ్ళు, ఉండేది సిర్గాపూర్. పద్నాలుగేళ్ళుగా మాకు మాటల్లేవు. అందుకు కారణం వాడి మొండితనమని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. అసలు జరిగింది ఇది.

2011లో దుర్గాభవాని పెళ్ళికి షెడ్డు వెనక వంటలు పెట్టించాను. సగం వంటలో కట్టెలు అయిపోయాయని వంటవాళ్ళు కేకలు పెట్టారు. షెడ్డు గోడకు నాయన చేసిన అచ్చులు వేలాడుతుండేవి. చక్రం చుట్టూ పెట్టే ముక్కల వంపు గీసుకోవడానికి ఆయన చేసుకున్న పలకలవి, పదకొండు. బండ్లన్నీ రబ్బరు టైర్లకు మారి ఎన్నో ఏళ్ళయింది, ఇంకెవరికి కావాలి అనుకుని తీసుకుపోయి పప్పు గుండిగ కింద పెట్టేశాను. పంక్తిలో కూర్చున్న మల్లేశానికి ఎవరో చెప్పారు. ఇస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. "నాయన అచ్చులు పొయ్యిల వెట్టినవ్. ఇగ నీ ఇంట్ల బువ్వ తినను" అన్నాడు, పోయాడు. వంటచెరుకు కోసం అన్నను వదులుకున్నాడని నేను ఊరంతా ఆడిపోసుకున్నాను. అచ్చుల మాట ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి ఆగమని ఒక్కమాట కూడా అనలేదు, పెళ్ళి పనుల్లో ఉన్నానని సాకు పెట్టుకున్నాను.

7. పోయినేడు ఆగస్టులో గుండె నొప్పి వచ్చింది. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాను, కిష్టవ్వ నాతోనే ఉంది. మనూర్‌లో ఉండే దుర్గాభవాని ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. గడియారం అప్పటికే ఆగి, చక్రాలు ఊడదీసి గుట్టగా పడి ఉంది. పదకొండు రోజులూ వానే. తిరిగి వచ్చి గడప దాటానో లేదో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. ఒక చెయ్యి గోడకు ఆనించుకుని అట్లాగే నిలబడిపోయాను.

రెండు పెద్ద చక్రాలు మారిపోయి ఉన్నాయి. టేకు కాదు, నల్లతుమ్మ. అరవై పళ్ళ చక్రం ఆరు వంపు ముక్కలు, ముక్కకు పది పళ్ళు. అరవై నాలుగు పళ్ళది ఎనిమిది ముక్కలు, ముక్కకు ఎనిమిది. ప్రతి అతుకూ రెండు పళ్ళ నడుమ సందులోనే పడింది, ఒక్క పన్ను మీద కూడా పడలేదు. ఉలి గాట్లన్నీ కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం ఉన్న వడ్లవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఇంకా దగ్గరికి పోయి చూస్తే కట్టె పాతది, ముప్పై నలభై ఏళ్ళు ఎండలో ఎండినది. నాయన చేసిన బండి చక్రం ఒకటి విరిగి మల్లేశం ఇంటి వెనక పడి ఉండేది. దాన్ని కోసి ఈ చక్రాలు చేశాడు. అచ్చులు లేవు, నేను కాల్చేశాను. వంపంతా వాడికి చేతిలోనే ఉంది!

వాణ్ణి పిలుచుకొచ్చింది దుర్గాభవాని. సిర్గాపూర్ పోయి, "చిన్నాయనా, నాయన వచ్చేసరికి గడియారం ఆడాలె" అని అడిగిందట. నాకు చెప్పొద్దని వాడు ఒట్టు వేయించుకున్నాడట. బిడ్డ వాళ్ళమ్మకు మాత్రం చెప్పింది, కిష్టవ్వను నేను గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది.

8. ఇప్పుడు మనసు తప్పు. చక్రాలు ఎవరు మార్చారో ఉలి గాట్లు చూసిన నిమిషంలోనే నాకు తెలుసు. ఇంటి బయట ఎవరితోనూ అనలేదు. గడియారం వానలో ఆడుతోందని ఊళ్ళో తెలిసింది. చూడడానికి జనం వచ్చారు. ఈ ఆరు ముక్కల ఉపాయం ఎట్లా తట్టిందని అడిగారు. మా నాయన బండి చక్రాలు చూసి నాకు తట్టింది అన్నాను. అనేశాను! జనవరిలో బడిలో పిల్లల సైన్సు ప్రదర్శనకు గడియారాన్ని తీసుకుపోయాను, శాలువా కప్పారు, పేపర్లో ఫోటో వచ్చింది. ఆ వారమే ముళ్ళ కింద పలక మీద 'వడ్ల సంగప్ప' అని చెక్కుకున్నాను. అన్నం వడ్డిస్తూ దుర్గాభవాని ఆ అక్షరాలు చూసింది. నా ముఖం చూడలేదు. పచ్చడి కూడా వేయకుండా లోపలికి పోయింది. అప్పటి నుంచి మా బిడ్డ ఇంటికి వస్తే వాళ్ళ అమ్మతోనే మాట్లాడుతోంది.

నేను సిగ్గుపడుతున్నాను. గుండె కోయించుకోవడానికి పోతున్నవాడు ఈ అబద్ధాన్ని వెంటబెట్టుకుని పోకూడదు.

9. కాబట్టి నా తదనంతరం ఆ కట్టె గడియారం, లోలకంతో సహా, నా తమ్ముడు వడ్ల మల్లేశానికి చెందాలి. దాని మీద నా పేరును రందాతో చిత్రిక పట్టి తీసేసి, 'చేసినవాడు వడ్ల మల్లేశం' అని చెక్కించాలి. శాలువా కూడా వాడిదే. బడివాళ్ళకు, పేపరువాళ్ళకు ఈ అంశం చదివి వినిపించాలి. <u>ఈ అంశం మొత్తం రద్దు. కారణం కింద ఉంది. సంగప్ప.</u>

10. షెడ్డులోని పనిముట్లన్నీ, ఉలులు, రంపాలు, రందాలు, బర్మా, బాడిస, పనిబల్లతో సహా దుర్గాభవానికి. పన్నెండేళ్ళ వయసులో ఉలి పట్టుకుంటానని ఏడ్చింది, ఆడపిల్లకు ఎందుకని కొట్టాను. సన్న ఉలి పిడి ఆ చేతికి సరిపోయేట్టు నిన్ననే చెక్కి పెట్టాను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను. మా ఇంట్లో అబద్ధం సహించనిది ఆమె ఒక్కతే.

11. పచ్చి కట్టెను ఎండు కట్టె అని నాకు అమ్మిన సామిల్లు ఆసామికి: ఏమీ లేదు. పేరు రాయను, చదివితే వాడికే తెలుస్తుంది.

ఇక్కడ ఆపేశాను. కింద రాస్తున్నది మరునాడు, 7వ తేదీ, గురువారం సాయంత్రం. ఒకే వీలునామాలో రెండు రోజులు ఉండొచ్చని థామస్ అన్నాడు.

నిన్న సాయంత్రం సాక్షి సంతకం పెట్టమని థామస్‌ను పిలిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. తొమ్మిదో అంశం దగ్గర కళ్ళజోడు తీసేశాడు. "సంగప్పా, ఇది నువ్వు సచ్చినంక తెరిచే కాయితం. గప్పుడు మల్లేశం ఎవన్ని తిట్టాలె? గోడనా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సంతకం పెట్టి పొమ్మన్నాను. పెట్టకుండానే పోయాడు.

ఇవాళ పొద్దున కాగితాలు పాలిథిన్ కవర్లో పెట్టుకుని సిర్గాపూర్ ఆటో ఎక్కాను. గుండె దడదడలాడుతోంది, అది జబ్బు దడ కాదని నాకు తెలుసు. మల్లేశం ఇంటి ముందు పారకు పిడి ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను కూర్చోలేదు. నిలబడే ఐదో అంశం నుంచి తొమ్మిదో అంశం దాకా గట్టిగా చదివాను, వాళ్ళ వాకిట్లో, పక్కింటివాళ్ళు వింటుండగా. అచ్చుల దగ్గర ఆగి, నీళ్ళు అడిగి తాగి మళ్ళీ చదివాను. చదవడం అయ్యాక, అచ్చులు కాల్చడం నా తప్పు, నీ పని నాదని చెప్పుకోవడం అంతకంటే పెద్ద తప్పు అని కాగితం చూడకుండా అన్నాను.

వాడు పార పక్కన పెట్టాడు. "ఏడాదాయె. గడియారం జూడంగనే నా చెయ్యి గుర్తువడ్తవని తెల్సు. ఫోన్ జేస్తవేమో అని జూసిన. పేపర్ల నీ ఫోటో జూసినంక ఇగ జూసుడు బంద్ జేసిన" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోలేదు. ఏడుపు ఆగాక వాడు "రెండో చక్రం చప్పుడు జేస్తుందా?" అని అడిగాడు. చేస్తోంది అన్నాను. "చీల సన్నగ వెట్టిన" అని చొక్కా తగిలించుకుని నా వెనకనే ఆటో ఎక్కాడు!

పద్నాలుగేళ్ళ తర్వాత మా గడప దాటాడు. కిష్టవ్వను పలకరించాడు, ముందు గడియారం దగ్గరికే పోయాడు. బువ్వ మాత్రం తినలేదు, చాయ్ తాగాడు. అది వాడి ఇష్టం. ఫోన్ చేస్తే దుర్గాభవాని మధ్యాహ్నం బస్సుకే మనూర్ నుంచి వచ్చింది. ఆమె ఎదుటే నా పేరు మీద రందా పట్టాను. చుట్టలు చుట్టలుగా పొట్టు రాలింది. మల్లేశం పేరు చెక్కబోతే వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "పండ్ల లెక్క నాకు రాదే. అది నువ్వు గీసినవ్. ఒక అబద్ధం తీసి ఇంకోటి ఎందుకు చెక్కుతున్నవ్?" అన్నాడు. ఇప్పుడు పలక మీద రెండు వరసలున్నాయి: 'గీసినవాడు సంగప్ప. చేసినవాడు మల్లేశం.' దుర్గాభవాని సన్న ఉలి తీసుకుని చివరి అక్షరం తానే చెక్కింది, నాతో మాట్లాడుతూ చెక్కింది. శాలువా ఇస్తే మల్లేశం తీసుకోలేదు. "నువ్వే కప్పుకో, దవాఖానల ఏసీ ఉంటది" అన్నాడు.

సాయంత్రం థామస్ మళ్ళీ వచ్చాడు. రెండో సాక్షిగా మల్లేశం సంతకం పెడతాడని నేనన్నాను. వీలునామాలో ఏదైనా పొందేవాడు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిదని, రేపు ఎవరైనా వంక పెడతారని థామస్ అన్నాడు. ఐదు నిమిషాలు ఆలోచించాను. తర్వాత కుర్చీ వేసుకుని గడియారాన్ని గోడ మీంచి దింపి, ఇంటివాళ్ళు, థామస్ చూస్తుండగా మల్లేశం చేతుల్లో పెట్టాను. ఇది నా బహుమతి, ఈ నిమిషం నుంచి నీది అన్నాను. వాడు కాసేపు పట్టుకుని నిలబడ్డాడు, మళ్ళీ అదే మేకుకు తగిలించి, మంగళవారం దాకా ఇక్కడే ఉండనిమ్మన్నాడు. లెక్కల నోటుపుస్తకాన్ని కూడా అప్పుడే థామస్ చేతికి ఇచ్చేశాను. కనుక ఆ రెండూ ఇప్పుడు నా ఆస్తి కావు, తొమ్మిదో అంశం రద్దు, నాలుగో అంశంలో ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. మల్లేశానికి గానీ థామస్‌కు గానీ ఈ వీలునామా ద్వారా వచ్చేది ఏమీ లేదు, వాళ్ళు సాక్షులుగా ఉండడానికి అడ్డం కూడా లేదు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. సంతకాలకు కూర్చునే ముందు నేనూ మల్లేశం పోట్లాడుకున్నాం. తిథులు చూపే చక్రం ఒకటి గడియారానికి కలపాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. చంద్రుడి నెల ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్ను సగం చేయలేం కాబట్టి రెండు నెలలకు కలిపి యాభై తొమ్మిది పళ్ళు పెట్టాలి. యాభై తొమ్మిదిని ఆరు ముక్కలు చేసినా, ఎనిమిది ముక్కలు చేసినా సమంగా రాదు! ముక్కలు చిన్నా పెద్దా కోస్తానని వాడు, అట్లా కోస్తే చక్రం బరువు ఒకవైపుకు ఒరుగుతుందని నేను. థామస్ జొన్న గింజలు తెమ్మన్నాడు. కిష్టవ్వ దీపం పెట్టే వేళయిందని మమ్మల్ని కసిరింది. నా ఒంట్లో ఇంత హుషారు ఎన్నేళ్ళకు వచ్చిందో!

ఇది నా మొదటి వీలునామా, మార్చుకునేదాకా ఇదే ఆఖరిది. పైన ఉన్న కొట్టివేత నా సమ్మతితో, నా చేత్తో చేసింది. చదివి, అర్థం చేసుకుని, సాక్షుల ఎదుట సంతకం పెడుతున్నాను.

నారాయణఖేడ్, 7-8-2025, గురువారం.

(సంతకం) వడ్ల సంగప్ప

సాక్షులు:

1. థామస్, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, నారాయణఖేడ్. సంగప్ప నా ఎదుట సంతకం చేశాడు. పద్నాలుగో పేజీ మీది చాయ్ మరక నాది కాదు.

2. వడ్ల మల్లేశం, తండ్రి కీ.శే. మానయ్య, వడ్లపని, సిర్గాపూర్. అన్న నా ఎదురంగ సంతకం వెట్టిండు. ఈ కాయితంల నాకేం రాయలేదు. యాభై తొమ్మిది పండ్ల చక్రానికి నాయన కట్టె ఇంక మిగిలింది, తీసి వెట్టిన. అన్న దవాఖానకెల్లి వచ్చి గీసియ్యాలె. ఆయన గియ్యకపోతె నాకు కొయ్యరాదు.